పర్మిషన్ ఇరవై ఫ్లాట్లకు, కరపత్రం 160 బెడ్లకు

ప్రశ్న: మా కాలనీ నుంచి ఇంజినీరింగ్ కాలేజీ గేటు నడిచి వెళ్లేంత దూరం. మా పక్కనున్న వెయ్యి గజాల ఖాళీ ప్లాట్‌లో స్టిల్ట్ (స్తంభాల మధ్య పార్కింగ్‌కు వదిలే కింది భాగం) మీద అయిదు అంతస్తులు కడతారట. అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అని పర్మిషన్‌కు అప్లై చేశారు. కరపత్రంలో మాత్రం 'విద్యార్థుల కోసం 160 బెడ్లు, కింద మెస్' అని ఉంది. వేసవిలో మా వీధికే నీళ్లు చాలక ట్యాంకర్లు తెప్పించుకుంటాం. కుర్రాళ్లు చేరితే అల్లరి, ఆడపిల్లలకు ఇబ్బంది అని కాలనీవాళ్లు ఫిర్యాదు రాశారు. నన్నూ సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా? దీన్ని ఆపగలమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్ శివారు

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండమ్మా. వేరే కాగితం రాయండి.

టౌన్ ప్లానింగ్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. కుర్రాళ్లు అల్లరి చేస్తారనే ఫిర్యాదులు చాలా చూశాను. వాటితో ఏ ఫైలూ ఆగదు, ఆగకూడదు కూడా. నల్గొండ నుంచో ఖమ్మం నుంచో వచ్చిన పిల్లలు కాలేజీకి దగ్గర్లో కాకపోతే ఎక్కడ ఉంటారు? ఇంట్లో ఎవరుంటారన్నది ప్లాన్ చూసే అధికారి అడగాల్సిన విషయం కాదు. దాన్ని దేనికి వాడతారు, ఎంతమంది ఉంటారు, ప్రమాదం వస్తే వాళ్లు ఎలా బయటపడతారు అన్నవి మాత్రం కచ్చితంగా అడగాలి. మీ ఫిర్యాదులో ఆ మూడే లేవు.

కరపత్రంలో ఉన్న 160 బెడ్లను ఇరవై ఫ్లాట్లకు పంచితే ఫ్లాటుకు ఎనిమిది మంది. అంటే హాల్లో కూడా మంచాలు పడతాయి, ప్లైవుడ్ గోడలు లేస్తాయి. కాగితం మీద రెండు బెడ్‌రూముల ఇల్లు, లోపల హాస్టల్. అధికారి చూసేది కాగితాన్నే కాబట్టి లిఫ్టు, మెట్లు, డ్రైనేజీ అన్నీ ఇరవై కుటుంబాల లెక్కనే సరిచూసి వదిలేస్తారు.

అసలు కీలకం ఎత్తులో ఉంది. మన రాష్ట్రంలో నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు, ఆపైన ఉంటే ఫైర్ శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. అంతస్తుకు మూడు మీటర్లనుకుంటే, స్టిల్ట్ కాకుండా మీ పక్క బిల్డింగ్ సరిగ్గా 15 దగ్గరికి వస్తుంది. అపార్ట్‌మెంట్ అని చూపిస్తే ఫైర్ వాళ్లు ఆ గడప తొక్కాల్సిన పనే లేదు. అద్దెకిచ్చే 160 బెడ్ల హాస్టల్‌ను ఏ కేటగిరీ కింద చూస్తున్నారో మునిసిపల్ కమిషనర్‌ను, జిల్లా ఫైర్ అధికారిని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే జవాబు కూడా నోటిమాటగానే వస్తుంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది 'కింద మెస్' అన్న మాట. స్టిల్ట్ బళ్లు పెట్టుకోవడానికి. అక్కడ వంటిల్లు పెడితే బళ్లన్నీ మీ రోడ్డు మీదికొస్తాయి. అది చిన్న సంగతి. సిలిండర్లు, పొయ్యిలు మెట్ల మొదట్లో ఉంటాయి. అయిదు అంతస్తుల పిల్లలు దిగిరావాల్సింది ఆ మెట్ల మీదుగానే. రాత్రి రెండింటికి పొగ పైకి లేస్తే, కిటికీలకు ఊడరాని గ్రిల్స్ ఉంటే, వాళ్లకు దారేది? 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో వాన నీళ్లు బేస్‌మెంట్‌లోకి దూకి సివిల్స్‌కు చదువుతున్న ముగ్గురు చనిపోయారు. ఆ బేస్‌మెంట్‌కు ఇచ్చిన అనుమతి స్టోరేజీకి, పార్కింగ్‌కు, నడిపింది లైబ్రరీ. ఇక్కడ నీళ్లకు బదులు గ్యాస్, అంతే తేడా. రేపు ఆ గదుల్లో పడుకునే పిల్లల కోసం అడిగేవాళ్లు ఈ రోజు మీ వీధిలో మీరే. వాళ్ల అమ్మానాన్నలకు ఈ ప్లాట్ ఎక్కడుందో కూడా ఇంకా తెలియదు.

నీళ్ల లెక్క తేలిక. హాస్టల్‌లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది జాతీయ ప్రమాణం. 160 మందికి 21,600 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు దాటి. కొత్తగా బోరు వేయాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఇంకుడు గుంతలు ప్లాన్‌లో చూపించారో లేదో కూడా చూడండి.

ఇక వ్యవధి సంగతి. భవనాల అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం ఇంత ప్లాట్‌కు 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే. ఆర్‌టీఐకి జవాబివ్వడానికి 30 రోజుల గడువుంది. అందుకే ఆర్‌టీఐ జవాబు వచ్చాక చూద్దాం అని కూర్చోకండి. పది రూపాయల దరఖాస్తుతో ప్లాన్ కాపీ అడగండి, అదే రోజు కరపత్రం జతచేసి అభ్యంతరమూ ఇవ్వండి. ఆ కరపత్రమే మీ చేతిలోని గట్టి సాక్ష్యం, జాగ్రత్తగా దాచుకోండి.

ఆపగలమా అన్నారు. పూర్తిగా ఆపడం కష్టం, ఆపాలని నేననను కూడా. హాస్టల్‌గానే అప్లై చేసి, రెండో మెట్లు, ఫైర్ పరికరాలు, స్టిల్ట్ బయట వంటిల్లు చూపిస్తే కట్టుకోనివ్వండి. ఓనరును పిలిచి కూర్చోబెట్టి ఇదే మాట ముఖం మీద చెప్పండి. కొందరు మారుస్తారు, నేను చూశాను.

మార్చకపోతే పట్టు ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. ఇలాంటి కట్టడంలో పది శాతం భాగం స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అనే పత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. ఆమోదించిన ప్లాన్‌ను సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలనీ, ఆ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న చెప్పింది. పునాది తవ్విన రోజే ఆ ప్లాన్ బోర్డుకు ఫోటో తీయండి. స్లాబు పడ్డప్పుడల్లా మళ్లీ తీయండి, తేదీ కనిపించేలా.

ఉత్తరం కమిషనర్‌కు, టౌన్ ప్లానింగ్ విభాగానికి, ఫైర్ ఆఫీసుకు విడివిడిగా ఇవ్వండి. ప్రతిచోటా మీ కాపీ మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర (ఉత్తరం అందినట్టు వేసే ముద్ర) వేయించుకునే బయటికి రండి.