షాపు మూసేశాక జీఎస్టీ నెంబరు దానంతటదే పోతుందా?

మీ నాన్నగారు బట్టల షాపు మూసి 14 నెలలైంది, అప్పటినుంచి రిటర్నులు వేయలేదు, నెంబరు దానంతటదే పోతుందా అని మీరు అడిగారు. పోవచ్చు. కానీ అలా పోనివ్వడం మంచిది కాదు. నేను నెంబరు రద్దు చేయించుకుని కూడా 10,000 కట్టినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు నెంబరు ఏ స్థితిలో ఉందో చూడండి. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ కూడా అక్కర్లేదు, సెర్చ్ ట్యాక్స్‌పేయర్‌లో నెంబరు కొడితే చాలు. ప్రతినెలా రిటర్న్ వేయాల్సినవాళ్లు వరుసగా ఆరు నెలలు వేయకపోతే, నోటీసిచ్చి రద్దు చేసే అధికారం ఆఫీసరుకుంది. మీది ఈపాటికే సస్పెండ్ అయ్యో, రద్దయ్యో ఉండొచ్చు. రద్దయిపోయి ఉంటే మళ్లీ దరఖాస్తు పెట్టే పనిలేదు గానీ, ఆర్డరులో ఏ తేదీ నుంచి రద్దు అని ఉందో అప్పటిదాకా రిటర్నులు మాత్రం వేయాల్సిందే. రేపు అదే పాన్ మీద ఇంకో వ్యాపారానికి నెంబరు అడిగితే ఈ పాత లెక్కే ముందు బయటికొస్తుంది.

యాక్టివ్‌గానే ఉంటే బకాయి రిటర్నులన్నీ వేసేయండి. అమ్మకాలు లేని నెలలకు 3బీ (అమ్మకాలు, పన్ను లెక్క చూపే మామూలు రిటర్న్) లేట్ ఫీజు రోజుకు 20, ఒక్కో రిటర్నుకు 500 దాటదు. మూడు నెలలకోసారి వేసే పద్ధతైతే ఉన్నవే నాలుగైదు రిటర్నులు కాబట్టి పెద్ద దెబ్బేం కాదు. ఆ తర్వాత రెగ్-16 ఫారం, అంటే నెంబరు రద్దు చేయమని పెట్టే దరఖాస్తు. నిజానికి వ్యాపారం ఆపిన 30 రోజుల్లోపు పెట్టాలి. లేటైంది కదా అని ఇంకా ఆలస్యం చేయకండి. అది పెట్టాక నెంబరు సస్పెన్షన్లోకి వెళ్తుంది, అప్పటినుంచి నెలనెలా రిటర్నుల గోల ఉండదు.

ఇంతకీ నేను మొదట ఇరుక్కుంది ఓటీపీ దగ్గర. గుంటూరులో కాలేజీ దగ్గర నాకు జిరాక్స్, స్టేషనరీ షాపు ఉండేది. 2018లో రిజిస్ట్రేషన్ చేయించిన కన్సల్టెంటు దగ్గరి కుర్రాడు మొబైల్ నెంబరూ, ఈమెయిలూ తనవే ఇచ్చాడు. మూసే సమయానికి అతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. చివరికి ఆధార్, పాన్ పట్టుకుని మా ఏరియా జీఎస్టీ సర్కిల్ ఆఫీసుకు వెళ్తే మొబైల్, ఈమెయిల్ మార్చి కొత్త పాస్‌వర్డ్ ఇచ్చారు. మీరూ ముందు ఇదే చూసుకోండి, సగం మందిది ఇదే కథ.

తర్వాత, మిగిలిన సరుకు. జనం మర్చిపోయేది ఇక్కడే. కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకున్న సరుకు, మెషీన్లు రద్దయ్యే నాటికి మీ దగ్గరే ఉంటే ఆ క్రెడిట్ వెనక్కి కట్టాలి. నా జిరాక్స్ మెషీన్ 2 లక్షలు, దాని మీద పన్ను 36,000. మెషీన్ ఆయుష్షు 60 నెలలని లెక్క కాబట్టి నెలకు 600. నేను వాడింది 38 నెలలు, మిగిలింది 22. అంటే 13,200 కట్టాలి. మార్కెట్లో అప్పుడు దాని రేటు 60,000, దాని మీద 18 శాతం అంటే 10,800. రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. క్రెడిట్ లెడ్జర్లో (ఆ క్రెడిట్ నిల్వ ఉండే పోర్టల్ ఖాతా) 9,000 దాకా ఉంటే అది అందులో సర్దుబాటైంది, మిగతాదే చలానా కట్టాను. ఆ లెడ్జర్లో మిగిలిపోయేది చేతికి రాదు కాబట్టి ఇలా వాడుకోవడమే నయం. క్యాష్ లెడ్జర్లో, అంటే మనం చలానాతో వేసిన ఖాతాలో, డబ్బుంటే మాత్రం రీఫండ్ అడగొచ్చు.

2024 జూన్ 28న రద్దు ఆర్డరొచ్చింది. ఆ రాత్రి ఇంట్లో బిర్యానీ కూడా తెప్పించాను, టెన్షన్ పోయిందని. పోలేదు. రద్దయ్యాక మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అని ఆఖరి రిటర్న్ ఒకటి వేయాలి. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నోటీసు ఈమెయిల్‌కే వచ్చిందట, షాపే లేనప్పుడు ఆ మెయిల్ ఎవరు చూస్తారు! మార్చిలో ఇంకేదో వెతుకుతూ చూసేసరికి రోజుకు 200 చొప్పున పెరిగి, 10,000 దగ్గర ఆగి ఉంది. అంతకు మించి వేయకూడదు కాబట్టి ఆగిందంతే.

మీ నాన్నగారిది కాంపోజిషన్ స్కీమ్ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) అయితే ఈ జీఎస్టీఆర్-10 అక్కర్లేదు, ఆ స్కీమ్ వాళ్ల ఏడాది రిటర్న్ జీఎస్టీఆర్-4 వేస్తే చాలు. ఏ స్కీమో ఆయనకి గుర్తులేకపోతే పాత బిల్లు తీసి చూడండి. పైన కాంపోజిషన్ ట్యాక్సబుల్ పర్సన్ అని అచ్చేసి ఉండాలి.

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, వృత్తి పన్ను, కరెంట్ అకౌంట్ విడివిడిగా మూయించుకోవాలి, జీఎస్టీ రద్దైతే అవేవీ వాటంతటవి పోవు.

బిల్లు పుస్తకాలు పాతసామాన్ల వాడికి వేసేయకండి. వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. నా లెక్కన 2031 డిసెంబరు దాకా. అట్టపెట్టె అటక మీదుంది, దసరాకి ఇల్లు దులిపిన ప్రతిసారీ మా ఆవిడ దాన్ని కిందికి దించుతుంది, నేను మళ్లీ పైకెక్కిస్తాను.