నాలుగేళ్ల పిల్లవాడు ఎదుగుతున్నాడని ఎలా తెలుస్తుంది? మావాడి సంగతులు

మీ బాబుకు నాలుగేళ్లు దాటాయి, అదే వయసున్న తోటికోడలి కూతురేమో పెద్దవాళ్లలా మాట్లాడుతోంది, మనవాడికి ఆ తెలివి ఎప్పుడొస్తుంది అని అడిగారు. మావాడికి ఇప్పుడు ఆరేళ్లు. మేముండేది హనుమకొండలో. వాడిని చూసిన అనుభవంతో చెబుతున్నాను, మాటలను బట్టి మాత్రం అంచనా వేయకండి. మావాడు మూడేళ్లప్పుడే "ఈ కాలంల ఎవ్వలిని నమ్మేటట్టు లేదు" అనేవాడు. ఇంటికొచ్చినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. అది మా అమ్మ రోజూ అనే మాట. వీడు దాన్ని పాలవాడి మీద, పిల్లి మీద, ఆఖరికి తిరగని ఫ్యాను మీద కూడా వాడేవాడు.

నేను గమనించింది వేరే ఉంది. ఎదుటి మనిషికి ఏం తెలుసు, ఏం తెలియదు, వాళ్లకు ఏం ఇబ్బంది అన్నది తట్టడం మొదలైతే పిల్లలు మన కళ్ల ముందే మారిపోతారు.

అందరిళ్లలో లాగే మా ఇంట్లోనూ బిస్కెట్ల డబ్బాలో సూదులు, దారాలు, గుండీలు ఉంటాయి. మూడేళ్లప్పుడు ఒకసారి మావాడికి మూత తీసి చూపించి, మళ్లీ పెట్టేసి, "పక్కింటి అన్న వస్తే ఇందులో ఏముందనుకుంటాడు?" అని అడిగాను. "దారాలు" అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు నన్ను చూస్తూ. తనకు తెలిసింది ఊరందరికీ తెలుసనే లెక్క. ఐదేళ్లు నిండకముందు మళ్లీ అదే డబ్బా, అదే ప్రశ్న. జవాబు కంటే ముందు నవ్వొచ్చింది వాడికి. "బిస్కెట్లనుకుంటడు. మూత తీసినంక మొఖం మాడ్తది" అన్నాడు. పక్కింటివాడి మొహం వీడికి అప్పుడే కనిపిస్తోందన్నమాట!

ఇది నేను కనిపెట్టిన ఆట కాదు. 1983లో హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పరీక్షే పెట్టారు. మాక్సి అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు, వాళ్లమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక మాక్సి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఎక్కువగా చాక్లెట్ ఇప్పుడు ఉన్నచోటే చూపిస్తారు. మాక్సికి ఆ సంగతి తెలియదు కదా అన్న ఆలోచన చాలామందికి నాలుగైదేళ్ల మధ్య వస్తుంది. మీ బాబు సరిగ్గా ఆ వయసులో ఉన్నాడు, కాబట్టి ఇప్పుడే టెన్షన్ పెట్టుకోవద్దు.

నాకు బాగా తెలిసొచ్చింది మాత్రం మేడారంలో. జాతర రెండేళ్లకోసారి కాబట్టి పిల్లల ఎదుగుదలకు మా వైపు అదొక కొలత. నిలువెత్తు బంగారం మొక్కు ఉంటే బెల్లంతో తూచి అమ్మవార్లకు ఇస్తాం. 2024లో మా వీధి కిరాణా కొట్టు కాంటా మీద కూర్చోబెడితే 15 కిలోలు తూగాడు. ఆ బెల్లమంతా తనదే అనుకున్నాడు. గద్దెల దగ్గర ఇచ్చేస్తుంటే "నా బంగారం, నా బంగారం" అని ఒకటే ఏడుపు. ఈ 2026 జాతరకు 19 కిలోలు.

ఈసారి బస్సెక్కేముందు, తప్పిపోతే పనికొస్తుందని వాడి ముంజేతి మీద పెన్నుతో నా ఫోన్ నంబర్ రాస్తున్నాను. చెయ్యి కదపకుండా రాయించుకున్నాడు. అయిపోయాక పెన్ను ఇటివ్వు అన్నట్టు చెయ్యి చాపి, "బాపమ్మ చెయ్యి మీద గూడ రాయాలె డాడీ. ఆమెకాడ ఫోన్ లేదు గదా" అన్నాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు, మా ఆవిడకూ రాలేదు. మా అమ్మ నవ్వి, "నేనేడికి పోత బిడ్డా, చిన్నప్పటిసంది పోయే జాతరే గదా" అంది. "నువ్వు పోవు బాపమ్మా, జనం తోస్తరు" అన్నాడు. ఆ మాటకు ఆమె గాజులు పైకి జరుపుకుని చెయ్యి చాపింది. అంకెలు వాడే రాశాడు, ఏడు మాత్రం తిరగేసి రాశాడు, దాన్ని నేను దిద్దాను. జంపన్నవాగులో స్నానం చేస్తున్నంతసేపూ మా అమ్మ ఆ చేతిని నీళ్లకు తగలకుండా పైకి పట్టుకునే ఉంది.

అలాగని వాడు పెద్దమనిషి అయిపోయాడనుకోకండి. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు కోసం ములుగు వచ్చేదాకా రాగం తీశాడు. పొద్దున మనల్ని ఆశ్చర్యపరిచిన పిల్లవాడు సాయంత్రానికి అరిగిపోయిన రబ్బరు కోసం కింద పడి దొర్లుతాడు. రెండూ ఒకే రోజు ఉంటాయి, ఆరేళ్లప్పుడు కూడా.

ఇంకొకటి ఎవరూ ముందుగా చెప్పరు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో పట్టుకునే తెలివి వస్తే దాంతోపాటు అబద్ధాలు కూడా గట్టిపడతాయి. నాలుగేళ్లప్పుడు పళ్లు తోముకోకుండానే "తోమిన" అనేవాడు, మా ఆవిడ పోయి బ్రష్ ముట్టుకుంటే పొడిగా ఉండేది, అక్కడే దొరికిపోయేవాడు. ఇప్పుడు అమ్మ ముందు చూసేది బ్రష్షే అని తెలిసిపోయింది, కాబట్టి దాన్ని నల్లా కింద తడిపి స్టాండులో పెట్టి వస్తున్నాడు. మా ఆవిడ పేస్టు ట్యూబు చూడటం మొదలుపెట్టింది. ఆ సంగతి వాడికి ఇంకా తెలియదు.