సమాధానం: నాన్నకి షుగర్ లేదు, మరి డాపాగ్లిఫ్లోజిన్ ఎందుకు?

తమ్ముడూ, కావలిలో మీ నాన్నగారికి గుండె పంపింగ్ 30 శాతమే, అంటే హార్ట్ ఫెయిల్యూర్ (గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా పంపలేకపోవడం) అన్నారనీ, కాళ్ళ వాపు తగ్గగానే ఆయన మాత్రలన్నీ ఆపేశారనీ, షుగర్ లేకుండా డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చారని కోపంగా ఉన్నారనీ రాశావు.

ముందు ఆ డాక్టరుకి ఈరోజే ఫోన్ చేసి, ఆపేసిన సంగతి చెప్పు. మీ అంతట మీరు పాత డోసులతో మళ్ళీ మొదలుపెట్టొద్దు. ముఖ్యంగా మెటోప్రొలాల్ (గుండె వేగాన్ని తగ్గించే మాత్ర) మధ్యలో ఆగితే తక్కువ డోసు నుంచి పెంచుకుంటూ రావాల్సి రావచ్చు.

వాపు తగ్గించింది ఫ్యూరోసెమైడ్. అది నీరు లాగేస్తుంది, అంతే. ఆయుష్షు పెంచేవి, మళ్ళీ ఆసుపత్రిలో పడకుండా చూసేవి మిగతా నాలుగు: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, మెటోప్రొలాల్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. ఆఖరిది షుగర్ లేనివాళ్ళకీ గుండెకి మేలు చేస్తుందని 2019లో పెద్ద అధ్యయనంలో తేలింది. కాబట్టి డాక్టరు పొరపాటేం లేదు.

పై బీపీ 100 ఉందని టెన్షన్ పడకు. కళ్ళు తిరగకపోతే ఈ జబ్బులో అది మామూలే. స్పైరోనోలాక్టోన్ వాడేటప్పుడు మాత్రం రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది) పరీక్షలు తప్పవు. ఎండాకాలం కదా అని రోజూ కొబ్బరినీళ్ళు పట్టించేస్తారు మనవాళ్ళు, అందులో పొటాషియం ఎక్కువ, డాక్టర్ని అడిగే ఇవ్వండి.

మోకాళ్ళ నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకోవడం మానిపించు. ఉప్పు ఎక్కువుండే ఎండుచేపలూ, ఆవకాయా కూడా. ఇది చెప్పడం తేలిక, మన జిల్లాలో వినిపించడం కష్టం. రోజూ పొద్దున బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు.