తెలుగు మీడియం వాళ్లు ఏ ఇంగ్లీషు పేపర్‌తో మొదలుపెట్టాలి?

తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు వైజాగ్‌లో డిగ్రీ చేస్తున్నానని, ఇంగ్లీషు పేపర్లలో ఏది చదవాలో, మ్యాగజైన్లు కూడా చదవాలో వద్దో చెప్పమని అడిగారు. నాదీ గాజువాక, తెలుగు మీడియమే. నా మాట వింటే ది హిందూ విశాఖ ఎడిషన్ తీసుకోండి. అయితే మొదటి పేజీ జోలికి పోకుండా నేరుగా సిటీ పేజీకి వెళ్లండి.

ఎందుకంటే అక్కడుండేది స్టీల్‌ప్లాంట్, ఫిషింగ్ హార్బర్, సింహాచలం వార్తలు. విషయం మీకు ముందే తెలుసు. నేను పొద్దున్నే ఇంట్లో ఈనాడు చదివి (1974లో అది పుట్టింది మన విశాఖలోనే), సాయంత్రం ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో అదే వార్తను ఇంగ్లీషులో వెతుక్కునేవాణ్ని. తుపాను వార్తే తీసుకోండి. వాయుగుండం ఎక్కడుంది, గాలి వేగమెంత, పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారు, ఇవన్నీ తెలిసి చదివితే డిక్షనరీ తీయకుండానే వాక్యం అర్థమైపోతుంది. పైగా వార్తలో అసలు సంగతంతా మొదటి పేరాలోనే ఉంటుంది, కిందకి పోయేకొద్దీ వివరాలు. మొదటి పేరా అర్థమైతే ఆ వార్త మీకు వచ్చేసినట్టే. సంపాదకీయాలకు తొందరేం లేదు, టెన్షన్ పడకండి.

హిందూ 1878లో మద్రాసులో వారపత్రికగా మొదలై 1889లో దినపత్రిక అయింది. భాష కాస్త బరువు, కానీ నమ్మకంగా చదవొచ్చు. టైమ్స్ ఆఫ్ ఇండియా ఇంకా పాతది, 1838 నాటిది, తేలిగ్గా సాగిపోతుంది. డెక్కన్ క్రానికల్ హైదరాబాద్ పత్రిక. ఒకటి గుర్తుంచుకోండి: మన స్టాల్స్‌లో కనిపించే న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వేరు, ఢిల్లీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వేరు. 1990ల్లో విడిపోయాయి. గ్రూప్స్, సివిల్స్ వాళ్లు చెప్పుకునే 'ఎక్స్‌ప్లెయిన్డ్' పేజీ ఢిల్లీ దానిది. ఆన్‌లైన్‌లో చూడండి, ఒక్కో విషయాన్ని మొదట్నుంచీ విడమరిచి చెబుతారు.

మ్యాగజైన్లు ఆరు నెలలాగి పట్టుకోండి. ఇండియా టుడే (1975), మలయాళ మనోరమ వాళ్ల ది వీక్ (1982) ముందు. హిందూ వాళ్ల ఫ్రంట్‌లైన్‌లో వ్యాసాలు పొడుగ్గా ఉంటాయి, ఓపిక కావాలి, కానీ ఒక సమస్య లోతు తెలియాలంటే నాకు ఇప్పటికీ అదే ఇష్టం. లండన్ నుంచి 1843 నుంచీ వస్తున్న ది ఎకనామిస్ట్‌ను చివరికి ఉంచండి. అందులో వ్యాసాల మీద రాసినవాళ్ల పేర్లు దాదాపు ఉండవు, వాక్యాలు చిక్కగా ఉంటాయి.

మీది కామర్స్ అయితే మాత్రం హిందూతో పాటు బిజినెస్ లైన్ కూడా ఇప్పుడే మొదలుపెట్టేయండి.