షష్టిపూర్తి గ్రూప్ ఫోటోకు వెళ్తున్న మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ మొదటి పని కుటుంబ ఫోటో అని అక్క ఫోనులో చెప్పగానే చాలా సంతోషం కలిగింది. చిత్తూరులో షష్టిపూర్తి, మూడు తరాలవాళ్లు, బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ వచ్చే కొడుకులు, కూతుళ్లు, మనవలు, అంతా కలిసి ఇరవై మంది లోపు ఉంటారట. పెళ్లి ఫోటోల పని దొరక్క ఇది దొరికిందని నువ్వు కొంచెం చిన్నబుచ్చుకున్నావని కూడా అక్క చెప్పింది. ఆ మాట మనసులోంచి తీసేయ్. పెళ్లిలో తలంబ్రాల ఫోటో ఒకటి బాగా రాకపోతే ఇంకొకటి ఆదుకుంటుంది. ఇక్కడ ఉండేది ఒకే ఫోటో. అందులో అందరి ముఖాలూ బాగుండాలి. అంతమంది మళ్లీ ఒకచోట చేరడానికి ఎన్నేళ్లు పడుతుందో వాళ్లకే తెలియదు.

ఆ ఫోటో వాళ్ల హాల్లో గోడకు ఎక్కుతుంది. దాన్ని అందరికంటే ఎక్కువ కాలం చూసేది ఇప్పుడు చంకలో ఉన్న పిల్లలే. పెద్దయ్యాక వేలు పెట్టి చూపించి, ‘ఈవిడ ఎవరు, ఈయన ఎవరు’ అని అడుగుతారు. ముఖం స్పష్టంగా ఉంటేనే ఎవరో ఒకరు గుర్తుపట్టి చెప్పగలుగుతారు. నేను కింద రాసేదంతా ఈ ఒక్క సంగతి కోసమే అనుకుని చదువు.

ముందురోజే ఆ ఇంటికి వెళ్లు. ఫోటో ఏ గంటకు తీయాలో అడిగి, సరిగ్గా ఆ గంటకే అక్కడ నిలబడి చూడు. కాణిపాకం వెళ్లి దర్శనం చేసుకుని వచ్చి, హోమం, భోజనాలు అయ్యాక అంటే మిట్టమధ్యాహ్నం అవుతుంది. మన ప్రాంతపు ఎండ సంగతి నీకు తెలుసు. నడినెత్తిన సూర్యుడుంటే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, జనం కళ్లు చికిలించుకుంటారు. వీలైతే భోజనాలకు ముందు, పొద్దున తొమ్మిది లోపు పది నిమిషాలు అడుగు. లేదా సాయంత్రం అయిదు తర్వాత. కానీ సాయంత్రానికి సగం మంది బస్సులకూ రైళ్లకూ బయలుదేరిపోతారు, పట్టుచీరలు మార్చేస్తారు. అందుకే నేను పొద్దుటి వేళకే మొగ్గుతాను. ‘అందరూ తాజాగా ఉంటారమ్మా’ అని ఆ ఇంటి ఇల్లాలితో చెప్పు, ఆవిడే అందరినీ పోగుచేస్తుంది.

పందిళ్లతో జాగ్రత్త. కొబ్బరాకు పందిరి కంటికి చల్లగా ఉంటుంది కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖాల మీద మచ్చలుగా వస్తుంది. ఒకరి బుగ్గ మీద ఎండ, పక్కవారి నుదుట ఎండ. ఏ కంప్యూటర్లోనూ దాన్ని పూర్తిగా బాగుచేయలేవు. షామియానా ఇంకో రకం. ఎర్ర గుడ్డ కింద నిలబెడితే అందరూ ఎర్రబడతారు, పసుపు గుడ్డ కింద పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపిస్తారు. ముదురాకుపచ్చ గోడ పక్కన నిలబెట్టినా చెంపలకు ఆ రంగు అంటుకుంటుంది. అన్నిటికంటే మంచిది ఇంటి నీడ. పొద్దున పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు ఇల్లే నీడనిస్తుంది. ఎదురుగా ఆకాశం తెరిచి ఉంటే ఆ వెలుతురు మెత్తగా అందరి మీదా సమానంగా పడుతుంది. కళ్లలో చిన్న తెల్లటి మెరుపు వస్తుంది. ఆ మెరుపు ఉంటే ముఖానికి ప్రాణం వస్తుంది. వరండా అయితే లోపలికి నెట్టకుండా అంచుకు తీసుకురా.

స్థలం చూసేటప్పుడే అడుగులు కొలుచుకో. అంతమందిని రెండు మూడు వరుసల్లో సర్దితే పదిహేను అడుగుల వెడల్పు అవుతుంది. నీ కెమెరాతో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సును 35 దగ్గర పెట్టి తీయాలంటే నువ్వు ఇరవై అయిదు, ముప్పై అడుగులు వెనక్కి వెళ్లాలి. చోటు లేదని లెన్సును 18కి తిప్పి దగ్గర నుంచి తీశావంటే చివర్లో నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగిపోతారు. సాధారణంగా చివర నిలబడేది కోడళ్లు, పెద్ద పిల్లలు. ఫోటో చూడగానే వాళ్లు బాధపడేది దీని గురించే. చోటు తక్కువైతే వరుసలు పెంచు, వెడల్పు తగ్గించు.

కెమెరా అమరికలు జనం రాకముందే పూర్తి కావాలి. ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 8 దగ్గర ఉంచు, మరీ వెలుతురు చాలకపోతే ఇంకాస్త తెరిచి 5.6. షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు కంటే తగ్గనీయకు, పసిపిల్లలుంటే 1/250. ఈ రెండూ ఉంచి, కెమెరా వెలుతురును పట్టుకునే సున్నితత్వమైన ఐఎస్‌ఓను ఎంత కావాలో అంత పెంచుకో. 1600 దాకా వెళ్లినా ఇప్పటి కెమెరాలకు ఇబ్బంది లేదు. కాస్త గరుకుదనం వచ్చినా ఎవరూ పట్టించుకోరు, ముఖం కదిలిపోతే మాత్రం ఆ ఫోటో పోయినట్టే. రెండు వరుసలయితే ముందు వరుసలో మధ్యన ఉన్నవారి కళ్ల మీద ఫోకస్ చెయ్యి. మూడయితే మధ్య వరుసకు కాస్త ముందు. వెనకంతా మసకబారేలా తీయడం ఇప్పుడు మీ వయసువాళ్లకు బాగా నచ్చుతోంది. ఒక్కరి ఫోటోకు అది అందమే. గ్రూపులో అలా చేస్తే వెనక వరుసలో నిలబడ్డ చిన్నాన్న కూడా మసకబారతాడు. పైగా ఆ ఇంటి గుమ్మం, మావిడాకుల తోరణం, అరుగు, అవి కూడా వాళ్లవే కదా. కనిపించనీ.

తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు ఎక్కువగా ఉంటే కెమెరా మోసపోతుంది. అది ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థపు బూడిద రంగుగా లెక్కగడుతుంది కాబట్టి తెలుపును చూసి ఫోటోను చీకటి చేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ఒక ఫోటో తీసి తెర మీద పెద్దది చేసి ముఖాలు చూడు, వెలుతురును సగం స్టాపు నుంచి ఒక స్టాపు (అంటే రెట్టింపు) దాకా పెంచు, పంచె మడతలు మాయం కానంతవరకే. లోపల తీయాల్సి వచ్చి ట్యూబులైట్లు, ఎల్‌ఈడీలు వెలుగుతుంటే ఇందాకటి 1/125 మాట పక్కన పెట్టి షట్టర్ 1/100కు తెచ్చుకో. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది. అంతకంటే వేగంగా తీస్తే ఫోటోలో అడ్డచారలు రావచ్చు. ఫ్లాష్ వాడితే నేరుగా ముఖాల మీద కొట్టకుండా పైకప్పుకు తిప్పు. పైకప్పు తెల్లగా ఉంటేనే సుమా.

ఇక మనుషులను సర్దడం. అసలు పని ఇదే.

కుర్చీలు ముందే వేయించు. ఆ దంపతులను మధ్యలో కూర్చోబెట్టు. వాళ్ల తల్లిదండ్రుల్లో ఎవరైనా ఉంటే మధ్య స్థానం వారిది. షష్టిపూర్తి ఎవరిదైనా సరే, తల్లి ఉండగా ఆమెను పక్కకు జరపకూడదు. తర్వాత ఎవరు ఎక్కడ అన్నది నువ్వు తేల్చకు. పెద్దల్లుడు ఎక్కడ, చిన్నకొడుకు ఎక్కడ అన్న దానిలో నీకు తెలియని పట్టింపులు ఉంటాయి. ఇంట్లో అందరి మాటా చెల్లే అత్తయ్యో పెదనాన్నో ఒకరుంటారు, ముందురోజు వెళ్లినప్పుడే కనిపెట్టు. వారిని పిలిచి, ‘మీరు చెప్పండి, నేను సర్దుతాను’ అను. ఏ సంసారం ఎక్కడో వారు చెబుతారు. భార్యాభర్తలు, వాళ్ల పిల్లలు ఒక గుంపుగా ఉంటే చూసేవారికి చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. తలలన్నీ ఒకే గీతలో రాకుండా పొడుగువారిని ఇద్దరి భుజాల నడుమ ఉన్న సందులో నిలబెట్టు. కెమెరా నీ కంటి ఎత్తున కాకుండా ఛాతీ ఎత్తున ఉండాలి, లేకపోతే కూర్చున్న పెద్దలు కుంగిపోయినట్టు కనిపిస్తారు.

మనవాళ్లు కెమెరా చూడగానే చేతులు రెండూ కిందికి వేలాడేసి బిగుసుకుపోతారు, ఒకరికొకరు జానెడు దూరంలో నిలబడతారు. ‘దగ్గరికి జరగండి’ అంటే జరగరు. ‘అమ్మా, మీ చెయ్యి అవ్వ భుజం మీద వేయండి’ అని చెప్పు, వేస్తారు. ఆ చెయ్యి పడగానే అవ్వ పైకి చూసి నవ్వుతుంది, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వుతారు. ఆ క్షణం నీకు దొరకాలి. అందుకే అమరికలన్నీ ముందే చూసుకోమన్నాను. ఆ సమయంలో నువ్వు కెమెరా వెనక తల దించుకుని చక్రాలు తిప్పుతూ ఉండకూడదు. ట్రైపాడ్ మీద పెట్టి, పక్కన నిలబడి, వాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడు.

తీసే ముందు ఒక్క అర నిమిషం ఎడమ నుంచి కుడికి చూపు నడిపించు. జేబులో ఉబ్బిన ఫోను, ఒళ్లో వాటర్ బాటిల్, జడ మీద నుంచి జారిన పూలు, మెలిపడ్డ హారం, కుర్చీ కింద చెప్పులు, ఎవరి తల వెనకో మొలిచినట్టున్న కరెంటు స్తంభం. కళ్లద్దాల్లో ఆకాశం మెరుస్తుంటే గడ్డం కొద్దిగా దించమను, లేదా చెవుల దగ్గర కాడను కాస్త పైకి లేపి పెట్టు.

కళ్లు మూసుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు దీన్నే లెక్కగట్టి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది) పొందారు. ఇరవై మంది లోపు ఉంటే, మంచి వెలుతురులో మంది సంఖ్యను మూడుతో భాగించు, తక్కువ వెలుతురులో రెండుతో. కనీసం అన్ని ఫోటోలు తీస్తే ఒక్కదానిలోనైనా అందరి కళ్లూ తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. నువ్వు దానికి రెట్టింపు తియ్యి. మా కాలంలో 120 రకం ఫిల్ము రోలులో 6×6 సెంటీమీటర్ల ఫోటోలు పన్నెండే వచ్చేవి, ఒక్కొక్కటీ ఆచితూచి తీసేవాళ్లం. నీకు ఆ బెంగ లేదు.

పసిపిల్లలు చివరి నిమిషంలో రావాలి. ముందే కూర్చోబెడితే ఏడుస్తారు. కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్లలు ఉంటే ఎండలో అసలే వద్దు. గుండు మీద ఎండ పడితే నుదురు దాకా తెల్లగా మెరిసిపోతుంది. ఇక్కడ తిరుపతిలో స్టూడియోకు అలాంటి కుటుంబాలు ఎన్నో వస్తాయి. గంధం ఆరి పొలుసుల్లా రాలుతుంటే తడిగుడ్డతో తుడిపించి, పల్చగా మళ్లీ రాయమంటాను. ఆ గంధపు పూత మెరుపును చంపుతుంది, గుండు గుండ్రంగా ముద్దుగా కనిపిస్తుంది.

గ్రూపు అయిపోయాక జనం చెదిరిపోతారు. నువ్వు మాత్రం కదలకు. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను ఒక్కొక్కరినే అదే నీడలో కూర్చోబెట్టి, విడిగా ఒక ఫోటో తియ్యి. ఎందుకో చెబుతాను. మా దగ్గరికి పాత గ్రూపు ఫోటో పట్టుకుని వస్తారు. ‘మా అమ్మది ఇదొక్కటే ఉంది సార్, పటం కట్టించాలి’ అంటారు. చూస్తే ముఖం రూపాయి బిళ్లంత కూడా ఉండదు. ఒక చెంపకు పక్కామె చీర అంచు అడ్డం, భుజం మీద ఎవరిదో చెయ్యి. పెద్దది చేస్తే కళ్లు రెండు నల్ల చుక్కలవుతాయి. ఆ చేతిని చెరిపి, లేని భుజాన్ని గీసి, చీర అంచు కింది చెంపను ఊహించి వేస్తాం. వాళ్లు దండం పెట్టి తీసుకెళ్తారు. ఆ ముఖం పూర్తిగా ఆమెది కాదని నాకు తెలుసు. అందుకే ఎక్కడికి వెళ్లినా పెద్దవాళ్ల విడి ఫోటో తీయకుండా తిరిగిరాను. కారణం చెప్పకు, డబ్బు అడగకు. ‘అవ్వా, నీ ఒక్కదానిదీ ఒకటి తీస్తాను, చీర బాగుంది’ అను చాలు. లెన్సు 55 దగ్గర పెట్టి, ఎఫ్ 5.6లో, దగ్గరి కంటి మీద ఫోకస్.

ఎవరైనా ‘కాస్త తెల్లగా చెయ్యి బాబూ’ అంటారు. తప్పకుండా అంటారు. వెలుతురు సరిచెయ్యి, రంగు మార్చకు. ముడతలు చెరపకు. అవ్వ నుదుటి గీతలు, తాత చేతి నరాలు తీసేస్తే మిగిలేది వాళ్లు కాదు. మొటిమ లాంటిది నాలుగు రోజుల్లో పోయేదైతే తీసేయ్, ఫరవాలేదు.

బయట తీద్దామని పిల్లలు పట్టుబడితే, చంద్రగిరి కోట అంటారేమో, అక్కడ ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలని ముందే చెప్పు. గుళ్లలో మాత్రం ప్రయత్నం చేయకు.

గోడకు 12×18 అంగుళాల సైజు చెప్పు. నీ కెమెరా ఫోటో కొలత కూడా అదే నిష్పత్తి, ఏమీ కోసేయాల్సిన పని ఉండదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400 పిక్సెళ్లు చాలు, నీ 24 మెగాపిక్సెళ్లకు ఇబ్బంది లేదు. వాళ్లు 8×10 కూడా అడిగితే అటూ ఇటూ కొంత పోతుంది. అందుకే తీసేటప్పుడే చివరివారి పక్కన ఒక మూర చోటు వదులు.

ఆ రాత్రి ఇంటికి రాగానే కార్డులోనివి రెండు చోట్ల కాపీ చేసుకో. వాళ్లకు ప్రింటు చేరేదాకా కార్డు చెరపకు. ఫైళ్లు హార్డ్ డిస్కులో వేసుకుని ఆదివారం తిరుపతికి వచ్చెయ్, ఏది గోడకు ఎక్కాలో ఇద్దరం కూర్చుని ఏరుదాం. మీ అత్త నీకోసం పెసరట్లు వేస్తానంటోంది. నా పాత ట్రైపాడ్ బరువే కానీ గాలికి కదలదు. శుక్రవారం చిత్తూరు బస్సులో ఎవరైనా తెలిసినవాళ్లు వస్తే వారి చేత పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య