రక్తం ఎక్కించినా కండరాలకు బలం వెంటనే ఎందుకు రాదు?

ప్రమాదంలో చాలా రక్తం పోయిన మీ తమ్ముడికి దెబ్బ తగలని చేతుల్లో కూడా పట్టు లేదని, రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్ పెరిగినా నీరసం తగ్గలేదని రాశారు. నేను తిరుపతిలో జంతుశాస్త్రం బోధిస్తాను. చంద్రగిరి దగ్గర ప్రమాదంలో తొడ ఎముక విరిగి ఇదే అవస్థ పడ్డాను కూడా.

పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తొడ ఎముక విరిగితే, బయటికి అంతగా కనిపించకుండానే లీటరుకు పైగా తొడలోనే చేరిపోవచ్చు. అప్పుడు శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి చర్మానికి, పేగులకు, కండరాలకు వెళ్ళే రక్తనాళాలను బిగిస్తుంది కనుక, గాయం ఎక్కడ తగిలినా ఆక్సిజన్ కొరత అన్ని కండరాలకూ వస్తుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీ (కణం పనులకు శక్తినిచ్చే పదార్థం) అణువులు చేసుకునే కండర కణం, ఆక్సిజన్ అందనప్పుడు 2 అణువులతో సరిపెట్టుకోవాలి, ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్ విరిగినప్పుడు మిగిలే లాక్టేట్ పేరుకుపోతుంది.

అసలు దెబ్బ కణత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, దగ్గర పడుతుంది. సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి పంపే పంపు ఏటీపీతోనే నడుస్తుంది. అది మందగిస్తే సోడియం, దాని వెంట నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది. విశ్రాంతిలో సుమారు మైనస్ 90 మిల్లీవోల్టులుండే త్వచపు వోల్టేజీ సున్నా వైపు జరిగి, నరం నుంచి సంకేతం వచ్చినా కణం సరిగా స్పందించలేదు. ‘పోయింది రక్తమైతే సెలైన్ ఎందుకమ్మా’ అని మా వాళ్ళు నర్సును నిలదీశారట. కణాల మధ్య ఉండాల్సిన ద్రవం కూడా ఇలా తగ్గిపోవడం అందుకొక కారణం. అయితే రక్తస్రావం ఆగకముందే సెలైన్ మరీ ఎక్కువైతే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి, ఇప్పుడు రక్తాన్ని, ప్లాస్మాను (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవాన్ని) త్వరగా ఎక్కించడానికే వైద్యులు మొగ్గు చూపుతున్నారు. అదే సబబని నాకూ అనిపిస్తుంది.

రక్తం ఎక్కించగానే హిమోగ్లోబిన్ అంకె మారుతుంది. కానీ నిల్వ రక్తంలోని ఎర్రకణాలు ఆక్సిజన్‌ను కణజాలానికి సులువుగా వదిలే గుణాన్ని తిరిగి పొందడానికే గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆ తర్వాత వారాల తరబడి మిగిలే నీరసానికి మంచాన ఉండడం వల్ల కండరం తరిగిపోవడమే ముఖ్య కారణమని నా ఫిజియోథెరపిస్టు చెప్పారు. పప్పు, గుడ్డు పెంచి, ఆయన చెప్పిన వ్యాయామాలు మానకుండా చేశాకే నాకు మెట్లెక్కే శక్తి వచ్చింది.

మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, కాలు బిగుసుకుని నొప్పి పెరుగుతున్నా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. చితికిన కండరం నుంచి వెలువడే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రపిండాలను దెబ్బతీయగలదు.