అమెరికాలోని అరిజోనాలో వేటకు ట్రెయిల్ కెమెరాలను ఎందుకు నిషేధించారు?

'కెమెరా జంతువును చంపదు కదా, దానికి నిషేధం ఎందుకు?' అన్నది మీ ప్రశ్న. ట్రెయిల్ కెమెరా అంటే చెట్టుకో స్తంభానికో కట్టి వదిలేస్తే, ఎదుట ఏదైనా కదిలినప్పుడు తనంతట తానే ఫొటో తీసేది. చిక్కంతా నీళ్ల దగ్గరుంది. అరిజోనాలో ఎక్కువ భాగం పొడి నేల. ఎండలు ముదిరితే జింకైనా, ఎల్క్ అనే పెద్ద జాతి జింకైనా మిగిలిన కాసిని నీటిగుంటలకే రావాలి. ఆ గుంటల చుట్టూ చెట్లకీ, కంచె స్తంభాలకీ కెమెరాలు కట్టేశారు. మెమరీ కార్డుల కోసం మనుషులు మాటిమాటికీ వస్తుంటే జంతువు బెదిరి, దాహంతోనే వెనక్కి పోతుంది. సెల్ నెట్‌వర్క్ కెమెరా అయితే ఫొటో నేరుగా ఫోన్‌కే వస్తుంది. ఇక అది వేటా, డెలివరీ ట్రాకింగా?

అందుకే 2022 జనవరి 1 నుంచి అక్కడ వేట కోసం వీటిని వాడకూడదు. పరిశోధనకో, పశువుల మీద కన్నేసి ఉంచడానికో పెట్టుకోవచ్చు. పొరుగు రాష్ట్రాలైన నెవాడా, యూటాలలో ఆంక్షలు ఏడాదిలో కొన్ని నెలలకే. జంతువుల జాడ వెతుకుతూ తిరిగే తీరిక లేని ఉద్యోగులకూ, కొండలెక్కలేని వేటగాళ్లకూ ఈ నిషేధం ఇబ్బందే. ఆ వాదనను నేను కొట్టిపారేయను.